మానసిక అనారోగ్యం ఉన్నా, సైన్స్ అంతంతమాత్రమైనా సైకాలజీ చదవడం ఎలా? తిరుపతి, చిత్తూరు పిల్లలకు ఒక సమగ్ర మార్గదర్శి

సైకాలజీ చదవాలనుకునే పిల్లలు నన్ను మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు రెండు. "నేనే మందులు వాడుతున్నాను, ఇంకొకరికి నేనేం చెప్పగలను మేడమ్?" అన్నది ఒకటి. "ఇంటర్‌లో సీఈసీ చేశాను, బయాలజీ టెన్త్‌తోనే వదిలేశాను. మెదడు, నరాలు, స్టాటిస్టిక్స్ అంటేనే టెన్షన్. నాకు వస్తుందా?" అన్నది రెండోది.

చదవొచ్చు, వస్తుంది. నేను డిప్రెషన్‌కు మందులు వాడుతూనే తిరుపతిలో పీజీ పూర్తి చేశాను. ఇప్పుడు ఇదే ఊళ్లో ఈ సబ్జెక్టు చెబుతున్నాను. మధ్యలో మానేసిన పిల్లల్ని చూస్తే వాళ్లలో ఎక్కువమంది సైన్స్ రాక ఆగిపోయినవాళ్లు కారు. ఒంట్లో, మనసులో హుషారుగా ఉన్న రోజున కూర్చుని, రోజుకు ఎనిమిది గంటల టైంటేబుల్ రాసుకుని, బాగోని వారం రాగానే అది తలకిందులై, "ఇక నా వల్ల కాదు" అని పుస్తకం మూసేసినవాళ్లు. అందుకే ఇక్కడ నేను చెప్పే ప్రతి అడుగూ మీ బాగోని రోజును లెక్కలోకి తీసుకునే ఉంటుంది.

మొదటి అడుగు: కోర్సు కన్నా ముందు డాక్టర్

అప్లికేషన్ నింపే ముందు మీ సైకియాట్రిస్ట్‌ను కలవండి. ఇంకా ఎవరికీ చూపించుకోకపోతే తిరుపతిలో రుయా ఆసుపత్రి సైకియాట్రీ ఓపీ ఉంది. చిత్తూరు వైపు పల్లెల్లో ఉండి, ఎక్కడికి పోవాలో తెలియకపోతే 14416కు ఫోన్ చేయండి. అది 2022 అక్టోబర్‌లో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన టెలీ మానస్ నంబర్. ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు, ఏ వేళకైనా చేయొచ్చు. చనిపోవాలనే ఆలోచన వస్తుంటే ఈ వ్యాసం పక్కన పెట్టి ముందు ఆ ఫోన్ చేయండి, ఇంట్లో ఒకరికి చెప్పండి. చదువు ఎక్కడికీ పోదు.

డాక్టర్ దగ్గర "చదవొచ్చా?" అని ఊరికే అడిగితే "చదవమ్మా" అంటారు. అంతకంటే పనికొచ్చే ప్రశ్నలు రాసుకుని వెళ్లండి. ఈ ఏడాది చేరడం మంచిదా, ఆరు నెలలు ఆగడం మంచిదా? పొద్దున మగతగా ఉంటోంది, మాత్ర వేసుకునే సమయం మార్చొచ్చా? జబ్బు తిరగబెట్టే ముందు నాలో మొదట కనిపించే మార్పేమిటి? ఈ చివరి ప్రశ్నకు జవాబు మీ అమ్మకో, అక్కకో మీకంటే బాగా తెలిసి ఉంటుంది, వాళ్లనూ వెంట తీసుకెళ్లండి.

కొన్ని సంగతులు ముందే తెలిసి ఉండాలి. డిప్రెషన్ మందులు పూర్తిగా పనిచేయడానికి వారాలు పడుతుంది. బాగైపోయింది కదా అని పరీక్షల ముందు ఆపేస్తే సరిగ్గా హాల్ టికెట్ వచ్చే వేళకు జబ్బు తిరగబెట్టొచ్చు. బైపోలార్ (కొన్నాళ్లు అతి హుషారు, కొన్నాళ్లు తీవ్ర దిగులు వచ్చే జబ్బు) ఉన్నవాళ్లు పరీక్షల కోసం రాత్రంతా మేలుకోవడం అసలు పెట్టుకోకూడదు, నిద్ర లేకపోవడమే మేనియాను, అంటే ఆ అతి హుషారు దశను, రేపగలదు. బైపోలార్‌కు ఇచ్చే లిథియం వాడేవాళ్లకు మన ఊరి ఎండ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. మేలో నలభై డిగ్రీలు దాటినప్పుడు చెమట పోసి, ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. చేతులు వణకడం, వాంతులు, మత్తు కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. నీళ్ల బాటిల్ లేకుండా క్లాసుకు పోవద్దు. తలనొప్పికని మెడికల్ షాపులో ఐబుప్రొఫెన్ కొని మింగవద్దు, అది కూడా లిథియాన్ని పెంచుతుంది.

ఇంట్లో పెద్దవాళ్లు గాలి సోకిందనో, దిష్టి తగిలిందనో అంటారు. కాణిపాకం పోదామంటారు. వాళ్లతో వాదన పెట్టుకోకండి. కాణిపాకం వెళ్లండి, దండం పెట్టుకోండి, తిరిగొచ్చి రాత్రి మాత్ర వేసుకోండి. ఆ మాత్ర విషయంలో మాత్రం రాజీ పడకండి.

రెండో అడుగు: రెండు టైంటేబుళ్లు

ఒక కాగితం తీసుకుని గత ఏడాదిలో మీకు అన్నిటికంటే చెడ్డగా గడిచిన వారాన్ని గుర్తు తెచ్చుకోండి. ఆ వారంలో మీరు చేయగలిగిన పని ఏమిటి? స్నానం, అన్నం, ఒక క్లాసు? సరే, బాగోని రోజు టైంటేబుల్ అదే. దానికి ఇరవై నిమిషాల చదువు కలపండి. కొత్త పాఠం ముట్టుకోవద్దు, ముందే రాసుకున్న నోట్స్‌లో ఒక పేజీ చూడండి చాలు.

బాగున్న రోజుకు ఇంకోటి రాసుకోండి. అందులోనూ చదువు నాలుగు గంటలు దాటనివ్వకండి. పడుకునే వేళ, లేచే వేళ మాత్రం రెండింటిలో ఒకటే ఉండాలి.

సెమిస్టర్ సిలబస్‌ను లెక్క వేసేటప్పుడు వారానికి ఏడు రోజులు అనుకోకుండా నాలుగే అనుకోండి. మిగతా మూడు మిగిలితే రివిజన్‌కు వాడుకోవచ్చు. మిగలకపోతే మీరు వెనకబడినట్టు కాదు, ఎందుకంటే ఆ మూడు రోజుల్ని లెక్కలో మీరు పెట్టుకోనేలేదు.

మూడో అడుగు: ఏ దారి?

ఇక్కడ చాలామంది పొరబడతారు. సైకియాట్రిస్ట్ కావాలంటే నీట్, ఎంబీబీఎస్, ఆ తర్వాత ఎండీ. దానికి ఇంటర్ స్థాయిలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ ఉండాల్సిందే. సైకాలజీ దారి వేరు. ఆర్ట్స్ చదివినవాళ్లకూ అందులో చోటుంది. ఇంటర్‌లో హెచ్‌ఈసీ, సీఈసీ చేసినవాళ్లు అడ్మిషన్ల సమయంలో ఏ కాలేజీలో సైకాలజీ ఉందో చూసుకుని డిగ్రీలో తీసుకోవచ్చు. 2023–24 నుంచి మన రాష్ట్రంలో డిగ్రీకి సింగిల్ మేజర్ విధానం వచ్చింది కాబట్టి మేజర్‌గా దొరక్కపోతే మైనర్‌గా ఉందేమో అడగండి. పీజీకి తిరుపతిలోనే శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయంలో సైకాలజీ విభాగం ఉంది, సీటు పీజీసెట్ ద్వారా వస్తుంది. నోటిఫికేషన్‌లో అర్హత వాక్యాన్ని స్వయంగా చదవండి, సీనియర్ చెప్పిన మాట మీద ఆధారపడవద్దు.

"ఇంట్లోనే ఉండి దూరవిద్యలో చదువుతాను" అనుకునేవాళ్లు జాగ్రత్త. ఒంట్లో బాగోనివాళ్లకు ఒకప్పుడు అదే సులువైన దారి. కానీ యూజీసీ 2025లో సైకాలజీతో సహా ఆరోగ్య రంగానికి సంబంధించిన కోర్సులకు దూరవిద్య, ఆన్‌లైన్ పద్ధతిలో కొత్త అడ్మిషన్లు ఆపించింది. ఆ ఏడాది జులై–ఆగస్టు సెషన్ నుంచే ఇది అమలులోకి వచ్చింది. ఇప్పటికీ "ఇంట్లో కూర్చుని సైకాలజీ డిగ్రీ" అని ఎవరైనా ప్రకటన ఇస్తే ఫీజు కట్టే ముందు యూజీసీ వెబ్‌సైట్ చూడండి.

క్లినికల్ సైకాలజిస్ట్ అని బోర్డు పెట్టుకోవాలంటే పీజీ ఒక్కటే చాలదు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా, అంటే ఆర్‌సీఐ, గుర్తించిన క్లినికల్ కోర్సు చేసి అక్కడ పేరు నమోదు చేసుకోవాలి. ఎంఫిల్ స్థానంలో కొత్త కోర్సులు వస్తున్న కాలం ఇది, చేరే ఏడాది ఆర్‌సీఐ జాబితా చూసుకోండి. అంత దూరం పోవాలని లేకపోయినా పనులున్నాయి. స్కూల్ కౌన్సెలర్, ఆసుపత్రుల్లో హెచ్‌ఐవీ పరీక్షా కేంద్రాల్లో కౌన్సెలర్, స్వచ్ఛంద సంస్థలు, కంపెనీల్లో హెచ్‌ఆర్, నెట్ రాసి అధ్యాపక వృత్తి. రాత్రి డ్యూటీలు, ఎమర్జెన్సీలు లేని పని మీ నిద్రకు, మీ ఆరోగ్యానికి సరిపోతుందా అన్నది కూడా జీతంతో సమానంగా చూసుకోవాల్సిన విషయమే.

నాలుగో అడుగు: సైన్స్ ఎంత కావాలి, ఎలా నేర్చుకోవాలి?

భయపడినంత అక్కర్లేదు. ఫిజిక్స్ దాదాపు లేదు. కెమిస్ట్రీ సమీకరణాలు లేవు. కావాల్సినవి మూడు: నాడీ వ్యవస్థ, కొంచెం హార్మోన్లు, స్టాటిస్టిక్స్.

మొదటి రెండింటికి పదో తరగతి జీవశాస్త్రం పుస్తకంలో నియంత్రణ, సమన్వయం గురించిన పాఠం తీయండి. డిగ్రీ పుస్తకం ఇప్పుడే తెరవవద్దు. దోసె పెనం మీద పొరపాటున చెయ్యి పడింది అనుకోండి. చర్మంలోని సంకేతం జ్ఞాననాడి మీదుగా వెన్నుపాముకు వెళ్తుంది, అక్కడి నుంచే చాలకనాడి కండరానికి ఆజ్ఞ తెస్తుంది, చెయ్యి వెనక్కొస్తుంది. మంట తెలియడం ఆ తర్వాత, సంకేతం మెదడుకు చేరాక. ఈ దారిని పుస్తకం చూడకుండా ఒక బొమ్మ గీయగలిగితే మీకు ప్రతీకార చర్య (రిఫ్లెక్స్) వచ్చేసినట్టే.

ఆ తర్వాత మీ సొంత ఒంటినే పాఠంగా తీసుకోండి. ఈ విషయంలో మీరు మిగతా పిల్లల కంటే ముందున్నారని నేను నిజంగా నమ్ముతాను. పానిక్ వచ్చినప్పుడు గుండె దడదడలాడటం, అరచేతులు చెమట పట్టడం, నోరెండిపోవడం మీకు తెలుసు. సహానుభూత నాడీ వ్యవస్థ అని పుస్తకంలో ఉన్నది ఆ అనుభవమే. అడ్రినల్ గ్రంథి నుంచి అడ్రినలిన్ వచ్చి ఒంటిని పోరుకో, పరుగుకో సిద్ధం చేయడమే.

మీ మందుల చీటీ తీయండి. ఎసిటాలోప్రామ్ అనో, సెర్ట్రలిన్ అనో రాసి ఉంటే అది సెరటోనిన్ అనే న్యూరోట్రాన్స్‌మిటర్ (నాడీకణాల మధ్య సందేశం మోసే రసాయనం) మీద పనిచేసే మందు. ఒక నాడీకణం సెరటోనిన్‌ను రెండు కణాల మధ్య ఉండే సన్నని ఖాళీలోకి, అంటే సినాప్స్‌లోకి, వదులుతుంది. అవతలి కణం దాన్ని అందుకున్నాక, మిగిలినదాన్ని వదిలిన కణమే వెనక్కి లాగేసుకుంటుంది. ఈ మాత్ర అలా లాగేసుకోవడాన్ని అడ్డుకుంటుంది కాబట్టి సెరటోనిన్ ఆ ఖాళీలో ఎక్కువసేపు ఉంటుంది. ఇది గంటల్లోనే మొదలవుతుంది, మనసు తేలికపడటానికి మాత్రం వారాలు పడుతుంది. ఎందుకంత ఆలస్యం? "సెరటోనిన్ తక్కువైతే డిప్రెషన్" అనే ఒక్క వాక్యంతో జబ్బు మొత్తాన్ని చెప్పలేం అనడానికి ఆ ఆలస్యమే ఒక ఆధారం. ఇది అర్థమైనవాళ్లు న్యూరోట్రాన్స్‌మిటర్ల పాఠంలో సగం దాటేశారు, అదీ బట్టీ పట్టకుండా.

ఇక స్టాటిస్టిక్స్. అంకగణిత సగటు, మధ్యగతం, బాహుళకం మీరు టెన్త్‌లో చేసినవే. కొత్తగా వచ్చి భయపెట్టేది స్టాండర్డ్ డీవియేషన్. కాలిక్యులేటర్ పక్కన పెట్టి చేత్తో ఒకసారి చేద్దాం.

ఒకరు ఐదు రాత్రులు పడుకున్న గంటలు: 5, 6, 7, 8, 9. మొత్తం 35, సగటు 7. ఒక్కో రాత్రి సగటు నుంచి ఎంత దూరంలో ఉంది? –2, –1, 0, 1, 2. వీటిని అలాగే కూడితే సున్నా వస్తుంది, అందుకే వర్గం చేస్తాం: 4, 1, 0, 1, 4. మొత్తం 10. ఐదుతో భాగిస్తే 2. దాని వర్గమూలం సుమారు 1.41. అంతే, స్టాండర్డ్ డీవియేషన్ అంటే ఇదే.

ఇప్పుడు ఇంకొకరి రాత్రులు: 3, 5, 7, 9, 11. సగటు మళ్లీ 7. వర్గాలు 16, 4, 0, 4, 16. మొత్తం 40, ఐదుతో భాగిస్తే 8, వర్గమూలం సుమారు 2.83. సగటు చూస్తే ఇద్దరూ ఒకేలా నిద్రపోతున్నారు. కానీ రెండో మనిషి నిద్ర చెల్లాచెదురుగా ఉంది, డాక్టర్ చూస్తే ముందు ఆ మనిషి గురించే అడుగుతారు. రెండో అడుగులో పడుకునే వేళ మార్చొద్దని నేనంత గట్టిగా చెప్పిందీ ఇందుకే. ముందుముందు కొద్దిమంది నమూనా నుంచి పెద్ద గుంపు గురించి అంచనా వేసేటప్పుడు ఐదుకు బదులు నాలుగుతో భాగించమంటారు, అప్పుడు కంగారుపడకండి. ప్రస్తుతానికి మీ సొంత నిద్ర గంటలు వారం రోజులు రాసి ఇదే లెక్క చేయండి.

సహసంబంధం కూడా ఇట్లాగే మన చుట్టూ ఉన్నదాంతో వస్తుంది. చిత్తూరు జిల్లాలో మామిడి అమ్మకాలు పెరిగే రోజుల్లోనే వడదెబ్బ కేసులూ పెరుగుతాయి. మామిడిపండు తిన్నందుకు వడదెబ్బ తగల్లేదు, రెంటికీ వెనక ఎండ ఉంది. రెండు విషయాలు కలిసి నడిస్తే ఒకటి రెండోదానికి కారణమని తేల్చేయకూడదని ఎంఏలో మళ్లీ మళ్లీ చెప్పేది ఈ ముక్కనే.

టీ టెస్ట్, అనోవా లాంటివి వచ్చినప్పుడు సూత్రం కంటే ముందు ఒక వాక్యం రాసుకోండి: "ఈ పరీక్ష ఏ ప్రశ్నకు జవాబు చెబుతుంది?" రెండు గుంపుల సగటుల్లో తేడా నిజమా, యాదృచ్ఛికమా? టీ టెస్ట్. మూడు, అంతకంటే ఎక్కువ గుంపులా? అనోవా. లెక్క కంప్యూటర్ చేస్తుంది. ఏ పరీక్ష వాడాలో తేల్చుకోవాల్సింది మీరు.

ఐదో అడుగు: పుస్తకాలు, భాష

ఎన్‌సీఈఆర్‌టీ 11, 12 తరగతుల సైకాలజీ పుస్తకాలు వాళ్ల వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇంగ్లిష్ సులువుగానే ఉంటుంది. డిగ్రీలో చేరే ముందు వేసవిలో 11వ తరగతి పుస్తకం ఒక్కటి పూర్తి చేసినా మొదటి సెమిస్టర్ తేలికవుతుంది.

తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు ముందుగా టెట్, డీఎస్సీకి చదివేవాళ్ల దగ్గరున్న సైకాలజీ పుస్తకాలు అడిగి తీసుకోండి. అభ్యసనం, నిబంధనం, పునర్బలనం, స్మృతి, ప్రజ్ఞ, మూర్తిమత్వం అన్నీ తెలుగులో వివరంగా ఉంటాయి. పావ్‌లోవ్ కుక్క, స్కిన్నర్ ఎలుక అక్కడే పరిచయమైపోతాయి. ఒక నోట్‌బుక్‌లో ఎడమవైపు ఇంగ్లిష్ పదం, కుడివైపు తెలుగు పదం, కింద మీ ఇంటి నుంచి ఒక ఉదాహరణ రాసుకుంటూ పోండి.

ఎలా చదవాలన్నదీ సైకాలజీ చెబుతుంది. హెర్మాన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థం లేని అక్షరాల జాబితాలు తానే బట్టీ పట్టి, ఎంతకాలానికి ఎంత మరిచిపోతున్నాడో కొలిచి 1885లో ప్రచురించాడు. మరుపు మొదట్లో వేగంగా, తర్వాత నిదానంగా ఉంటుందని తేలింది. కాబట్టి చదివిన మరుసటి రోజే పుస్తకం మూసి గుర్తున్నది రాయండి, వారం తర్వాత మళ్లీ రాయండి. డిప్రెషన్‌లో ఏకాగ్రత, జ్ఞాపకం మందగించడం జబ్బు లక్షణమే. అది మీ తెలివి తగ్గడం కాదు. అలాంటి వారాల్లో ఈ పద్ధతే మీకు అండ.

ఆరో అడుగు: మీ జబ్బు పాఠంగా వచ్చినప్పుడు

అసాధారణ మనోవిజ్ఞానం పేపర్‌లో ఒకరోజు మీ జబ్బు పేరే బోర్డు మీద కనిపిస్తుంది. అందరూ మామూలుగా నోట్స్ రాసుకుంటుంటారు, మీకు కడుపులో తిప్పుతుంది. దానికి ముందే సిద్ధపడండి. ఆ యూనిట్ ఎప్పుడు వస్తుందో సిలబస్‌లో చూసుకుని, ముందుగా పగటిపూట, ఎవరైనా ఉన్నప్పుడు ఒకసారి చదవండి. రాత్రి ఒంటరిగా వద్దు. ఆత్మహత్య గురించిన భాగం మరీ ముఖ్యంగా. కష్టంగా ఉంటే ఆ రోజు క్లాసు మానేసినా ఫర్వాలేదు, స్నేహితుల నోట్స్ ఉంటాయి.

లక్షణాల జాబితా చదువుతుంటే ప్రతి జబ్బూ తమకే ఉన్నట్టు అనిపించడం ఏ జబ్బూ లేని పిల్లలకూ జరుగుతుంది. కొత్త అనుమానం వస్తే కాగితం మీద రాసి వచ్చే అపాయింట్‌మెంట్‌లో డాక్టర్‌ను అడగండి. మీకు మీరే పేరు పెట్టుకోవద్దు, మందు మార్చుకోవద్దు. మీ తమ్ముడికీ, రూమ్మేట్‌కీ కూడా పేర్లు పెట్టొద్దు.

ఏడో అడుగు: ఎవరికి చెప్పాలి, ఏం అడగాలి?

అందరికీ చెప్పనక్కర్లేదు. మన ఊళ్లలో ఒక మాట ఎంత దూరం పోతుందో తెలిసిందే, పెళ్లి సంబంధాల దాకా పోతుంది. అసలు ఎవరికీ చెప్పకుండా మోయడమూ కుదరదు. డిపార్ట్‌మెంట్‌లో ఒక అధ్యాపకుడికి, క్లాసులో ఒక స్నేహితుడికి చెప్పండి చాలు. ఇలా మాట్లాడొచ్చు: "మేడమ్, నాకు ఒక ఆరోగ్య సమస్య ఉంది, చికిత్సలో ఉన్నాను. కొన్ని రోజులు క్లాసుకు రాలేకపోవచ్చు. అట్లాంటప్పుడు మీకు మెసేజ్ పెడతాను, అసైన్‌మెంట్‌కు కొంచెం గడువు ఇప్పించండి." జబ్బు పేరు చెప్పడం, చెప్పకపోవడం మీ ఇష్టం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచుకునే హక్కు మీకుంది.

చాలామందికి తెలియని హక్కు ఇంకొకటి ఉంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 రకాల వైకల్యాల్లో మానసిక అనారోగ్యం ఒకటి. 40 శాతం, అంతకంటే ఎక్కువ అని ధ్రువపత్రం వస్తే ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో దివ్యాంగులకు కేటాయించిన 5 శాతం సీట్లకు అర్హత ఉంటుంది, వయోపరిమితిలో ఐదేళ్ల సడలింపు ఉంటుంది. పరీక్షలో గంటకు 20 నిమిషాలు అదనంగా అడగొచ్చు. ఆ ధ్రువపత్రం ఇచ్చే సదరం శిబిరం స్లాట్‌ను సచివాలయంలో గానీ, మీసేవలో గానీ బుక్ చేసుకోవాలి. అందరికీ 40 శాతం రాదు, రాకపోతే అది మంచి వార్తే అనుకోండి.

హాజరు సాధారణంగా 75 శాతం ఉండాలి. తగ్గితే మెడికల్ సర్టిఫికెట్‌తో కొంతవరకు మినహాయింపు ఇస్తారు. ఆ సర్టిఫికెట్ సెమిస్టర్ చివర్లో పరుగెత్తి తెచ్చేది కాకూడదు. ఓపీ చీటీలన్నీ తారీఖుల వారీగా ఒక ఫైల్‌లో పెట్టుకుంటూ రండి.

ఎనిమిదో అడుగు: రేపు ఎదుటి కుర్చీలో కూర్చున్నప్పుడు

"నాకే బాగోలేదు" అన్న ప్రశ్నకు తిరిగి వస్తాను. తీవ్రమైన భావోద్వేగాలు, ఆత్మహత్యా ప్రయత్నాలతో నలిగేవాళ్ల కోసం డీబీటీ అనే చికిత్సను తయారుచేసిన అమెరికన్ సైకాలజిస్ట్ మార్షా లినెహాన్ తానూ చిన్న వయసులో తీవ్ర మానసిక వ్యాధితో ఆసుపత్రిలో ఉన్నానని 2011లో బయటపెట్టింది. బైపోలార్ మీద ప్రపంచమంతా గౌరవించే పరిశోధకురాలు కే రెడ్‌ఫీల్డ్ జేమిసన్‌కు ఉన్నది అదే జబ్బు. జబ్బు వాళ్లిద్దరినీ ఈ రంగంలో పనిచేయకుండా ఆపలేదు.

అలాగని అనుభవం ఒక్కటే అర్హత కాదు. మీకు పనిచేసిన మందు, మీకు నచ్చిన మాట ఎదుటివారికి పనిచేయకపోవచ్చు. ఇంటర్న్‌షిప్‌లో మీ కథ చెప్పాలనిపిస్తే ముందు మీ గైడ్‌ను అడగండి. ఒక కేసు విన్నాక మూడు రోజులు నిద్ర పట్టకపోతే అదీ గైడ్‌కు చెప్పండి. సూపర్‌విజన్, అంటే గైడ్ పర్యవేక్షణ, ఉన్నది అందుకే. మీ సొంత చికిత్స కొనసాగుతుండగా, మీరు స్థిమితంగా ఉన్న కాలంలోనే ప్రాక్టికల్ పనికి వెళ్లండి.

మధ్యలో ఆపాల్సి వస్తే

వస్తే ఆపండి. చెప్పకుండా మానేయడం మాత్రం వద్దు. డిపార్ట్‌మెంట్‌కు రాతపూర్వకంగా అర్జీ ఇచ్చి, దాని నకలు మీద ముద్ర వేయించుకోండి. ఫీజు రసీదులు, మార్కుల మెమోలు భద్రంగా పెట్టండి. 2021 నుంచి అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ ఉంది, అందులో ఖాతా తెరిస్తే పాసైన పేపర్ల క్రెడిట్లు గరిష్ఠంగా ఏడేళ్ల వరకు నిలిచి ఉంటాయి. మీ కాలేజీ వాటిని అప్‌లోడ్ చేసిందో లేదో ఖాతా తెరిచి మీరే చూసుకోండి.

తిరిగి చేరేటప్పుడు బకాయి పేపర్లన్నీ ఒకే సెమిస్టర్‌లో కట్టేయాలని అనిపిస్తుంది. రెండు కంటే ఎక్కువ కట్టకండి. మొదటి నెల, ఎంత బాగున్నా సరే, బాగోని రోజు టైంటేబుల్‌తోనే నడవండి. రెండో నెలలో దానికి ఒక గంట కలపండి.